ఒక్క ట్యాంకు కోసం ఇంత దూరమా? ఫ్లెస్కియేర్ మ్యూజియం, లోకల్ గైడ్‌తో ఒక రోజు

ముందే చెప్పేస్తున్నా, ఈ మ్యూజియంలో ఉన్నది ఒకే ఒక్క ట్యాంకు. అదీ తుప్పు పట్టి, గుండ్లు తగిలి, ఇక జన్మలో కదలనిది. ఇంగ్లాండ్‌లో బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలాగా వరసగా నిలబెట్టిన ట్యాంకులు, ఇంజన్ స్టార్ట్ చేసి తిప్పి చూపించే షోలు కావాలంటే అటే వెళ్లండి, ఇక్కడికొస్తే గంటలో బయటికొచ్చి "ఇంతేనా" అంటారు. కానీ ఎప్పుడో యుద్ధంలో వదిలేసిన మిలటరీ బండ్లు ఎక్కడెక్కడ పడున్నాయి, ఊళ్లో ముసలివాళ్ల మాటలు పట్టుకుని వాటిని ఎలా బయటికి తీస్తారు అనే పిచ్చి మీకు కొంచెమైనా ఉంటే మాత్రం ఉత్తర ఫ్రాన్స్‌లో కాంబ్రే పట్టణానికి దగ్గర్లో ఉన్న ఈ ఫ్లెస్కియేర్ ఊరు తప్పకుండా చూడాలి. నాకు ఆ పిచ్చి బాగానే ఉంది కాబట్టి రివ్యూ పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

మ్యూజియం పేరు 'కాంబ్రే ట్యాంక్ 1917'. 2017 నవంబర్‌లో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ కాంబ్రే పోరు జరిగి సరిగ్గా వందేళ్లయిన సందర్భంగా తెరిచారు. లోపలున్న ట్యాంకు బ్రిటిష్ మార్క్ ఫోర్, నంబర్ డి 51, ముద్దు పేరు డెబోరా. డి బెటాలియన్ ట్యాంకులకి డి అక్షరంతోనే పేర్లు పెట్టేవారు. ఇది 'ఫిమేల్' రకం, అంటే ఫిరంగులు ఉండవు, మెషిన్ గన్నులు మాత్రమే. ఫిరంగులున్నదాన్ని 'మేల్' అనేవారు. ఎవరు పెట్టారో గానీ ఈ వర్గీకరణ వినగానే మా బాబాయి పడిపడి నవ్వాడు.

బాబాయి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ట్రిప్ సగం ఆయన కోసమే. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో ఉన్న మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. మన ఆర్మీ వాడే సారథ్ యుద్ధ వాహనాలు తయారయ్యేది అక్కడే. ఇండియా నుంచి మా దగ్గరికి, బ్రస్సెల్స్‌కి వచ్చినప్పుడు ఐఫిల్ టవర్ చూపిస్తానంటే "అది ఫొటోలో చూసిన లేరా, ఇనుము చూడాలంటే పనిచేసిన ఇనుము చూపెట్టు" అన్నాడు. ఇంకేం, మాకు కారులో రెండు గంటల లోపు దూరమే.

ఇక అసలు కథ. 1917 నవంబర్ 20న తెల్లవారుజామున బ్రిటిష్ సైన్యం కాంబ్రే దగ్గర 476 ట్యాంకులతో జర్మన్ల మీదికి వెళ్లింది. అంతకు ముందు ట్యాంకుల్ని ఇలా ఒకేసారి గుంపుగా వాడింది లేదు. అప్పటిదాకా ముందు రోజుల తరబడి ఫిరంగులు పేల్చి, శత్రువుకి "వస్తున్నాం" అని చెప్పి మరీ వెళ్లేవాళ్లు. ఈసారి చెప్పకుండా వెళ్లారు, పెద్ద కందకాలు దాటడానికి ట్యాంకుల నెత్తిన కర్రల మోపులు కట్టుకుని మరీ. మొదటి రోజు దెబ్బకి ఇంగ్లాండ్‌లో చర్చి గంటలు కూడా మోగించారు. కానీ మధ్యలో ఫ్లెస్కియేర్ గుట్ట దగ్గర ఆట ఆగిపోయింది. ట్యాంకుల్ని ఎదుర్కోవడానికి శిక్షణ పొందిన జర్మన్ ఫిరంగి దళాలు అక్కడున్నాయి. ఒక్కరోజులోనే బ్రిటన్‌కి 179 ట్యాంకులు పనికిరాకుండా పోయాయి, అందులో శత్రువు కొట్టినవి 65, మిగతావి చెడిపోయి ఆగినవి, గోతుల్లో ఇరుక్కున్నవి. డెబోరా ఊరు దాటి అవతలి అంచు దాకా వెళ్లింది. అక్కడ ఐదు గుండ్లు తగిలాయి. ఎనిమిది మంది సిబ్బందిలో ఐదుగురు పోయారు. కమాండర్ ఫ్రాంక్ హీప్ బతికిన వాళ్లని తీసుకుని వెనక్కి రాగలిగాడు, అతనికి మిలటరీ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు.

సరే, ట్యాంకు ఆగిపోయింది. తర్వాత ఏమైంది? ఇక్కడి నుంచే నాకు ఇంటరెస్ట్. యుద్ధం అయిపోయాక ఈ పొలాల్లో మిగిలిన బండ్లన్నీ పాత ఇనుము కింద కోసి అమ్ముకున్నారు. నేల మీద కనిపించిన ఏదీ మిగల్లేదు. మిగలాలంటే కనపడకుండా ఉండాలి. కాంబ్రేలో హోటల్ నడుపుకునే ఫిలిప్ గోర్జిన్‌స్కీ అనే ఆయనకి ఈ యుద్ధ చరిత్ర మీద విపరీతమైన ఆసక్తి, ఎక్కడో ఒక ట్యాంకు మట్టి కింద ఉండి ఉండాలని తొంభైల మొదట్లో వెతకడం మొదలుపెట్టాడు. చరిత్ర పుస్తకాలు తిరగేశాడు, పొలాలు తిరిగాడు, ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడాడు. అలా మాట్లాడుతున్నప్పుడు ఒక ముసలావిడ చెప్పింది: తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వాళ్ల కేఫ్ దగ్గర, రష్యన్ యుద్ధ ఖైదీలు ఒక పెద్ద ట్యాంకుని గోతిలోకి నెట్టడం చూశానని.

ఆ మాట ఎంత విలువైనదో ఒక్కసారి ఆలోచించండి. "మా ఊళ్లో ట్యాంకు పాతిపెట్టారట" అని ఆమె అనలేదు. చూసింది తను, చోటు తమ కేఫ్ పక్క, నెట్టింది ఖైదీలు, అదీ ఫలానా దేశం ఖైదీలు. ఎనభై ఏళ్ల తర్వాత కూడా చెక్ చేసుకోవడానికి వీలున్న సాక్ష్యం అది. కేఫ్ ఎక్కడుండేదో పాత మ్యాపులో చూడొచ్చు, అక్కడ నేలలో ఇనుము ఉందో లేదో పరికరాలతో కొలవొచ్చు. అదే చేశారు. ఆరేళ్ల వెతుకులాట తర్వాత, అరాస్ నగర పురావస్తు విభాగం వాళ్ల సాయంతో 1998 నవంబర్‌లో తవ్వితే ట్యాంకు పై కప్పు తగిలింది. పూర్తిగా బయటికి తీసేసరికి దాదాపు నిండు ట్యాంకు! దాన్ని నేలలోకి దించి తలదాచుకునే బంకర్‌లాగా వాడుకున్నట్టు తేలింది. ఎవరికైతే పై నుంచి గుండ్లు పడకుండా కప్పు కావాల్సి వచ్చిందో వాళ్ల పుణ్యాన పాత ఇనుము వ్యాపారి చేతికి దక్కకుండా పోయింది.

ఇంకో మాట, అది డెబోరా అని తవ్విన రోజున ఎవరికీ తెలీదు. మిలటరీ రికార్డులు, పాత ఫొటోలు ముందేసుకుని, ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయో సరిపోల్చుకుంటూ వెళ్లి పేరు తేల్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఊళ్లోనే ఒక కొట్టంలో ఉంచారు, 2017లో ఈ కొత్త భవనానికి తరలించారు.

ఇప్పుడు సర్వీసు సంగతి. ముందు ఒక ఆన్‌లైన్ డే టూర్ బుక్ చేశాను, పేరు ఎందుకులే. వెబ్‌సైట్‌లో 'యుద్ధభూమి, ఊరి కథలు, చిన్న గ్రూపు' అని రాసుంది. రెండు రోజుల ముందు మెసేజ్: తగినంత మంది రాలేదు కాబట్టి రద్దు, కావాలంటే వేరే తేదీకి మార్చుకోండి అని. బాబాయి రిటర్న్ టికెట్ తేదీ నేను మార్చలేను కదా! డబ్బులు వెనక్కి అడిగితే ఫారం నింపమన్నారు, నింపాను, మళ్లీ అదే ఫారం ఇంకోసారి పంపారు. ఈ టెన్షన్‌లో ఉండగా మా ఆఫీసులో ఒక ఫ్రెంచ్ కొలీగ్ తనకి తెలిసిన ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్ నంబర్ ఇచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పుట్టి పెరిగినాయన, వారాంతాల్లో మనుషుల్ని తిప్పి చూపిస్తాడు. ఆయన ప్రైవేట్ మనిషి కాబట్టి పేరు రాయను, కానీ ఈ రివ్యూలో ఐదుకి ఐదు స్టార్లు పడేది ఆయనకే.

ఎందుకంటే, మ్యూజియం మీకు ట్యాంకు చూపిస్తుంది, ఈయన వెతుకులాట చూపించాడు. ఉదయం నేరుగా మ్యూజియంకి తీసుకెళ్లకుండా ముందు పొలాల మధ్య రోడ్ల మీద తిప్పాడు. బాబాయికి కొంచెం విసుగొచ్చింది, "ట్యాంకు ఎక్కడరా, ఈయన గడ్డలు చూపెడుతుండు" అన్నాడు తెలుగులో, గైడ్ ముందే. ఆయనేదో అర్థమైనట్టు నవ్వి కారు ఆపి ఒక పశువుల కంచె చూపించాడు. కంచెకి నిలబెట్టిన ఇనుప కడ్డీల్లో కొన్ని మెలితిరిగి ఉన్నాయి, కింది కొన డ్రిల్లు బిట్‌లాగా. అవి మొదటి ప్రపంచ యుద్ధంలో ముళ్లకంచె బిగించడానికి వాడిన కడ్డీలు. సుత్తితో కొడితే చప్పుడు శత్రువుకి వినిపిస్తుంది కాబట్టి నేలలోకి తిప్పి దింపేలా చేశారు. రైతులు వాటిని ఏరుకుని వందేళ్లుగా ఆవులకి కంచె కట్టుకుంటున్నారు. ఇంకో చోట కోళ్ల గూడు పైకప్పు, వంపు తిరిగిన మందపాటి రేకు, అది కూడా కందకాల్లోదే. అక్కడి నుంచి బాబాయి కారు దిగడం మొదలుపెట్టాడు, ప్రతి కంచె దగ్గరా దిగాడు, మేం లేట్ అయ్యాం.

ఆయన చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఈ ప్రాంతంలో చాలా ఊళ్లలో పాతిపెట్టిన ట్యాంకు కథ ఒకటి తిరుగుతూ ఉంటుందట. ఎవరైనా అలా చెప్పగానే ఆయన మొదట అడిగేది ట్యాంకు గురించి కాదు, చెప్పిన మనిషి గురించి. నువ్వు చూశావా, మీ నాన్న చూశాడా, మీ నాన్నకి ఎవరైనా చెప్పారా? చూసిన మనిషి అప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడు? ఏ కాలం, బీట్‌రూట్ తవ్వే రోజులా, గోధుమ కోతలా? పక్కన ఏముంది, బావా, చెట్టా, ఇల్లా? "ఆ పక్కన ఏముంది" అనే ప్రశ్నకి జవాబు లేని కథని ఆయన అక్కడితో వదిలేస్తాడు. జవాబు ఉంటే పాత భూమి రికార్డులు, యుద్ధం నాటి విమానాల నుంచి తీసిన ఫొటోలు చూస్తాడు. అప్పట్లో రెండు పక్షాలూ కందకాల ఫొటోలు తెగ తీసేవి, అవి ఆర్కైవుల్లో ఉన్నాయి. ఇంకో ప్రశ్న కూడా అడుగుతాడు, అది విని నేను ఆగిపోయాను: ఈ కథ మీ ఇంట్లో మొదట ఎప్పుడు విన్నారు, డెబోరా దొరకక ముందా, దొరికాకా? 1998 తర్వాత పుట్టిన కథలకి ఆయన దగ్గర విలువ తక్కువ. ఒక ట్యాంకు నిజంగా దొరికితే చుట్టుపక్కల పది ఊళ్లలో పది ట్యాంకులు 'గుర్తొస్తాయి' అంటాడు.

ఇది వింటున్నంతసేపూ నాకు బర్మా స్పిట్‌ఫైర్ల గొడవే గుర్తొచ్చింది. అవి బండ్లు కావు, విమానాలు, కానీ కథ ఇదే అచ్చు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో రంగూన్ ఎయిర్‌పోర్ట్ దగ్గర బ్రిటిష్‌వాళ్లు కొత్త స్పిట్‌ఫైర్ విమానాల్ని పెట్టెల్లో పెట్టి డజన్ల కొద్దీ పాతిపెట్టారని ఒకప్పటి సైనికుల మాటలు. ఒక బ్రిటిష్ రైతు వాటి కోసం ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి ఒక వీడియో గేముల కంపెనీ డబ్బు పెడితే 2013 జనవరిలో యాంగోన్ (అదే, పాత రంగూన్) ఎయిర్‌పోర్ట్‌లో తవ్వకానికి దిగారు. ఒక్క రెక్క ముక్క దొరకలేదు. ఆ టీమ్‌తో వెళ్లిన పురావస్తు నిపుణులు పాత పత్రాలు చూసి, అసలు అలా పాతిపెట్టిన దాఖలా ఎక్కడా లేదని తేల్చారు. రంగూన్ అంటే మన వాళ్లకి కొత్త ఊరేం కాదు, కోరంగి రేవు నుంచి, శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వేలమంది ఆ రోజుల్లో పనికి వెళ్లిన చోటు. ఆ తవ్వకం వార్తల్ని నేను అప్పట్లో ఆత్రంగా ఫాలో అయ్యాను, దొరికేస్తాయనే అనుకున్నాను. సాక్షులు అక్కడా ఉన్నారు మరి. కానీ కాగితం ఎక్కడా వాళ్ల మాటకి తోడు రాలేదు.

మధ్యాహ్నానికి మ్యూజియం. బయటి నుంచి చూస్తే ఆర్భాటం లేదు. ముందు గదిలో యుద్ధం, ఊరు, ట్యాంకు సిబ్బంది గురించి వివరాలు, ఫ్రెంచ్ రాకపోయినా ఇంగ్లిష్‌తో నెట్టుకు రావచ్చు. ఆ తర్వాత ట్యాంకు ఉన్న హాలు, వెలుతురు తక్కువగా ఉంటుంది. నాకు ఈ మ్యూజియంలో అన్నిటికంటే నచ్చింది, ట్యాంకుకి రంగు వేయకపోవడం. కొత్తదాన్లా మెరుగులు దిద్దలేదు, విరిగినవి అతికించలేదు. ఒక వైపు నుంచి చూస్తే పెద్ద దెబ్బ లేనట్టే ఉంటుంది, చుట్టూ తిరిగి ఇంకో వైపు వస్తే ఇనుము కాగితంలా చిరిగి ఉంటుంది.

బాబాయి రివెట్ల దగ్గర ఆగిపోయాడు. "వెల్డింగ్ లేదు చూడు, మొత్తం రివెట్లే. బయట బుల్లెట్ తగిలితే లోపల రివెట్ తల ఊడి మనిషికి తగుల్తది" అన్నాడు. గైడ్‌కి ఇది నేను ఫ్రెంచ్‌లో చెప్తే ఆయన అవునని, అందుకే ఆ సిబ్బందికి లోహపు జాలీ వేలాడే ముఖం తొడుగులు ఇచ్చేవారని చెప్పాడు. లోపల గోడల్లేవు, విడి గదుల్లేవు, 105 హార్స్‌పవర్ ఇంజన్ మనుషుల మధ్యలోనే. పొగ, వేడి, మోత అన్నీ వాళ్లతోనే. తిప్పాలంటే డ్రైవర్ ఒక్కడి వల్ల కాదు, గేర్లకి ఇంకో ఇద్దరు, బ్రేకులకి కమాండర్, మొత్తం నలుగురు కావాలి. స్పీడు గంటకి ఆరు కిలోమీటర్ల చిల్లర, అదీ రోడ్డు బాగుంటే. బరువు సుమారు 27 టన్నులు. "మా బండిల ఏసీ లేదని పిల్లగాండ్లు కంప్లెయింట్ చేస్తుండ్రి" అని బాబాయి తనలో తను అనుకున్నాడు. ఆయన అక్కడి నుంచి కదలడానికి ఇష్టపడలేదు, ట్యాంకు అడుగుభాగం చూడాలని కూర్చుని వంగి చూశాడు, అక్కడున్న స్టాఫ్ అమ్మాయి ముందు కంగారు పడి, ఏం చేస్తున్నాడో అర్థమయ్యాక నవ్వి ఊరుకుంది.

నాకు ఉన్న ఒక్క కోరిక ఏంటంటే, ఆ ఆరేళ్ల వెతుకులాట గురించి ఇంకా ఎక్కువ చూడాలనిపించింది. ఎవరెవరితో మాట్లాడారు, ఏ పొలంలో ఏమీ దొరకలేదు, ఏ కథ తప్పని తేలింది, అలాంటివి. యుద్ధం గురించి బోలెడన్ని మ్యూజియాలు చెప్తాయి, ఒక ట్యాంకుని మాట పట్టుకుని తీసిన సంగతి మాత్రం ఈ ఊరికే సొంతం. ఇది లోపం అనను, నా రుచి అంతే. ఆ వెలితి గైడ్ తీర్చాడు కాబట్టి నాకు సరిపోయింది, గైడ్ లేకుండా వెళ్లేవాళ్లు ముందే కొంచెం చదువుకుని వెళ్లండి.

మ్యూజియం పక్కనే ఫ్లెస్కియేర్ హిల్ బ్రిటిష్ సమాధుల తోట. డెబోరాలో పోయిన ఐదుగురూ అక్కడే ఉన్నారు: ఫుట్, గాల్వే, చెవర్టన్, రాబిన్సన్, టిప్పింగ్. వాళ్ల ట్యాంకు, వాళ్ల సమాధులు ఇంత దగ్గరగా ఉండటం వేరే చోట నేనైతే చూడలేదు. మ్యూజియం చూసి ఇటు రాకుండా కారెక్కేవాళ్లు ఉంటారని గైడ్ చెప్తే నమ్మబుద్ధి కాలేదు.

తెలుగువాళ్లకి ఇంకో సంగతి. ఈ యుద్ధంలో ట్యాంకుల వెనకాల గుర్రపు దళాలు కూడా కాచుకుని ఉన్నాయి, ట్యాంకులు దారి తీస్తే దూసుకెళ్లడానికి. అందులో ఒక బ్రిగేడ్ పేరు వింటే ఉలిక్కిపడతారు, సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్! నిజాం రాజ్యంలో హైదరాబాద్ కాంటింజెంట్ అనే సైన్యం నుంచి వచ్చిన దక్కన్ హార్స్ దళం అందులోదే. పేరు మనదైనా అందరూ మన ఊరివాళ్లేం కాదు, సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు కలిసిన దళం అది. 1916లోనే సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర ఈటెలు పట్టుకుని మెషిన్ గన్నుల కాలంలో గుర్రాల మీద దాడి చేసిన చరిత్ర వాళ్లది. కాంబ్రేలో డిసెంబర్ 1న లాన్స్ దఫేదార్ గోవింద్ సింగ్ అనే మరో భారతీయ అశ్వికుడు, గుండ్ల వానలో ప్రతిసారీ గుర్రం దెబ్బతిని పడిపోతే మిగతా దూరం కాలినడకన వెళ్లి, మూడుసార్లు వార్త చేరవేసి బ్రిటన్ అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఈ విషయం మా గైడ్‌కి తెలుసు, సికింద్రాబాద్ అంటే మా ఇంటికి గంటన్నర దూరం అని బాబాయి చెప్పాక ఆయన ముఖం చూడాలి. అదే దక్కన్ హార్స్ తర్వాత గుర్రాలు వదిలి ట్యాంకుల రెజిమెంట్ అయింది, 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని ఎదుర్కొన్న దళాల్లో అదొకటి. ఇదంతా బాబాయి చెప్తుంటే నేను అనువాదం చేయలేక చచ్చాను. యుద్ధంలో పోయి సమాధి కూడా లేని భారతీయుల పేర్లు చూడాలంటే ఇక్కడి నుంచి ఉత్తరంగా నవ్ షపెల్ స్మారకానికి వెళ్లాలి, 4,700 మందికి పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. అదే రోజు రెండూ పెట్టుకోకండి, అలిసిపోతారు.

ఇలాంటి చోట్లే ఇంకొన్ని చూడాలనుకునేవాళ్లకి, ఇంగ్లాండ్‌లో డెవాన్ తీరాన టోర్‌క్రాస్ ఉంది. జాలర్లు సముద్రంలో ఒకచోట వలలు దేనికో చిక్కుకుంటున్నాయని చెప్పుకునేవారు. అక్కడ గెస్ట్‌హౌస్ నడిపే కెన్ స్మాల్ అనే ఆయన ఆ మాట పట్టుకుని వెతికిస్తే, అరవై అడుగుల లోతులో అమెరికన్ షెర్మన్ ట్యాంకు. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి ముందు జరిగిన రిహార్సల్లో మునిగిపోయింది. దాన్ని అమెరికా ప్రభుత్వం దగ్గర 50 డాలర్లకి కొని, 1984లో ఒడ్డుకి లాగించాడు. ఇప్పుడు బీచ్ పక్కన కారు పార్కింగ్‌లో నల్లరంగులో నిలబడి ఉంది, చూడటానికి టికెట్ లేదు. ఎస్టోనియాలో ఇంకోటి: 1944లో ఒక కుర్రాడు చెరువులోకి వెళ్లిన చైన్ల గుర్తులు, నీళ్లలో వారాల తరబడి పైకొస్తున్న బుడగలు చూశాడు. ఆ మాట పెద్దయ్యాక చెప్తే ఒక చరిత్ర క్లబ్బువాళ్లు నీళ్లలోకి దిగి వెతికారు, 2000 సెప్టెంబర్‌లో భారీ బుల్‌డోజర్ పెట్టి సోవియట్ టి-34 ట్యాంకుని లాగారు, దాని మీద జర్మన్ గుర్తులు! జర్మన్లు స్వాధీనం చేసుకుని వాడుకున్నది అన్నమాట. అడుగున బురదలో గాలి తగలకుండా ఉండటం వల్ల దాదాపు తుప్పే లేదట. టోర్‌క్రాస్ నేను చూశాను, ఎస్టోనియా ఇంకా బాకీ.

ఇవన్నీ చదివి మెటల్ డిటెక్టర్ కొనుక్కుని బయల్దేరేవాళ్లు దయచేసి ఆగండి. ఫ్రాన్స్‌లో చారిత్రక వస్తువుల కోసం అనుమతి లేకుండా డిటెక్టర్‌తో వెతకడం చట్టప్రకారం నేరం. అది పక్కన పెట్టినా, ఈ పొలాల్లో ఇప్పటికీ ప్రతి ఏడూ దున్నేటప్పుడు పేలని గుండ్లు బయటపడతాయి, కొన్నిటిలో విషవాయువు ఉంటుంది. రైతులు వాటిని గట్టున పెట్టి ఫోన్ చేస్తే ప్రభుత్వ బాంబు స్క్వాడ్ వచ్చి తీసుకెళ్తుంది. మేమూ రోడ్డు పక్కన తుప్పు పట్టిన గుండు ఒకటి చూశాం. బాబాయి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మనిషి కాబట్టి దగ్గరికి కూడా వెళ్లలేదు, మా వెనక కారులో వచ్చిన టూరిస్ట్ ఒకడు మాత్రం దాని పక్కన కాలు పెట్టి సెల్ఫీ తీసుకున్నాడు. మా గైడ్ వాడికి ఫ్రెంచ్‌లో ఏం చెప్పాడో నేను ఇక్కడ రాయలేను.

ఇక చిల్లర విషయాలు. కారు ఉంటేనే హాయి. రైల్లో కాంబ్రే దాకా రావచ్చు గానీ అక్కడి నుంచి ఊరికి బస్సులు నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు. మ్యూజియం ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, తెరిచే నెలలు, రోజులు వెళ్లే ముందు చూసుకోండి. శాకాహారులైతే తిండి వెంట తెచ్చుకోవడం మంచిది, కాంబ్రే గర్వంగా చెప్పుకునే వంటకం పేగులతో చేసే ఆందుయెత్ అనే సాసేజ్. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లాం, గైడ్‌కి కూడా పెట్టాం, పులిహోరలో ఎండుమిర్చి నమిలి కాసేపు మాట్లాడలేకపోయాడు గానీ రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పిప్పరమెంటు బిళ్లలు మాత్రం కాంబ్రేలో కొనండి, పిల్లలకి నచ్చుతాయి. వాన పడితే పొలం దారుల్లో బంకమట్టి బూట్లకి అతుక్కుని వదలదు, తెల్ల షూస్ వేసుకురాకండి. చిన్నపిల్లలతో అయితే మ్యూజియం ఒక్కటి చాలు, గైడ్‌తో పొలాలన్నీ తిరిగితే వాళ్లు ఏడుస్తారు.

గైడ్‌కి రోజంతా కలిపి ఇచ్చింది, ఆ రద్దయిన టూర్‌లో ఇద్దరికి కట్టిన దానికంటే తక్కువే. ఆయన నంబర్ ఇమ్మని అడగకండి, ఇవ్వను. కాంబ్రే టూరిజం ఆఫీసులో అడిగితే ఇలాంటి లోకల్ గైడ్ల వివరాలు చెప్తారు. అక్కడ "సైన్యం గురించి కాదు, ఊళ్ల కథలు తెలిసినవాళ్లు కావాలి" అని స్పష్టంగా చెప్పండి. టూర్ కంపెనీవాళ్లు నిన్న మూడోసారి అదే ఫారం పంపారు, ఈసారి సంతకం నీలం ఇంకుతో కావాలట.